కుందేళ్లు గీసి బతికాను

నా ముందుపళ్ల సంగతి మొదటే చెప్పేస్తాను, వేరే ఎవరో చెప్పకముందు. నేను వీధి మలుపు తిరిగితే ముందు ఆ రెండూ కనిపిస్తాయి, కాసేపటికి నేను వస్తాను. ఎనిమిదో తరగతిలో సైన్సు సారు "కొరికి తినే జంతువుకు ఒక ఉదాహరణ చెప్పండి" అంటే తరగతి తరగతంతా నావైపు తిరిగింది. పాఠం చెబుతున్న ఆయన కూడా తిరిగాడు. ఆ ఏడాదే బడి మానేశాను. పళ్ల వల్ల కాదు, లెక్కల వల్ల. అయితే పళ్ల వల్ల అని చెబితే వినేవాళ్లు జాలిపడి టీ ఇప్పిస్తారు కాబట్టి ఇన్నాళ్లూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను.

ఇప్పుడు పని మానేశాను. గోడ బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న కుర్రాళ్లు కొందరు తమిళనాట మా రాజపాళయంలో నన్ను పట్టుకుని, "తాతా, మీ అనుభవాలు రాయండి" అన్నారు. ఎవరు సన్మానం చేశారు, ఎవరు శాలువా కప్పారు అన్నది రాయను. శాలువాలన్నీ మా ఆవిడ ఇడ్లీపిండి గిన్నె మీద కప్పుతుంది. పనిలో తలకెక్కిన సంగతులు నాలుగు రాస్తాను. అన్నింట్లోనూ కుందేలు ఉంటుంది. ఏం చేయను, నా తలరాత అలా ఉంది.

అద్దం పెట్టుకొని గీయి

బడి మానేసిన మరుసటేడు మా మేనమామ నన్ను బస్సెక్కించి శివకాశిలో ఒక అచ్చాఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ బొమ్మలు గీసేవాళ్లకు పెద్ద వేలాయుధం. చెవి మీద పెన్సిలు, దవడలో తమలపాకు. పిల్లల అక్షరాల చార్టులు, నోటుబుక్కుల అట్టలు, టపాకాయల పెట్టెల మీద అంటించే రంగు కాగితాలు, అన్నీ ఆయన బల్ల మీద పుట్టి ఊళ్లు పట్టుకు పోయేవి. ఆయన నాకొక కాగితం ఇచ్చి కుందేలు గీయమన్నాడు. గీశాను. ఆయన కాగితం చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"పల్లు జోరుగా వచ్చినాయి," అన్నాడు. ఆయన మాట్లాడేది అరవం, నేను మా ఇంటి మాటలోకి దించి రాస్తున్నాను. "నీకు ఇంక చూసి గీసేదానికి జంతువు వెతకాల్సిన పని లేదు. ఒక అద్దం పెట్టుకొని గీయి."

అలా నాకు ఉద్యోగం దొరికింది. ఆ తర్వాత ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది పిల్లలు నా ముందుపళ్లను చూసి అక్షరాలు నేర్చుకున్నారో. వాళ్లకు ఆ సంగతి తెలియకపోవడమే మంచిది.

వేలాయుధం మంచి యజమాని అని చెప్పను. బొమ్మ బాగుంటే ఏమీ అనడు, బాగా లేకపోతే ఆఫీసు మొత్తాన్ని పిలిచి చూపిస్తాడు. కానీ ఒక్క మాట మాత్రం బంగారంలాంటిది చెప్పాడు. "బొమ్మను గీసేవాని ఎత్తులో నిలబడి చూడొద్దు. చూసేవాని ఎత్తులో కూచోని చూడు." పిల్లల చార్టు ఐతే దాన్ని గోడకు తగిలించి తను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పంచెకు మట్టి అంటితే అంటనీ. నేను నవ్వుకునేవాణ్ణి. నా మోకాళ్లకు అప్పట్నుంచే బద్ధకం. ఆ మాట విని వదిలేశాను. అది నన్ను వదల్లేదు, ముందుకు చదవండి.

ఏనుగు తొండానికి ఎంత గుడ్డ పడుతుంది

కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు, దేవుణ్ణి గీయడం కష్టమా, లీడరును గీయడం కష్టమా అని. దేవుడు వచ్చి ఇది నేను కాదనడు. లీడరు అంటాడు, కానీ మీసం కొంచెం లావు చేస్తే ఊరుకుంటాడు. కుందేలు అన్నింటికన్నా కష్టం. ఎందుకంటే దాన్ని అందరూ చూసినట్టే అనుకుంటారు, దానిచేత అన్నీ అమ్మించాలనుకుంటారు. ఉయ్యాల గుడ్డ మీద కుందేలు, గోడ గడియారం మీద కుందేలు, కిటికీ తెర మీద కుందేలు. టపాకాయల పెట్టె మీద కుందేలు నవ్వుతూ కాకరపువ్వొత్తి పట్టుకుని ఉంటుంది. అది నేను గీసిందే. నిజం కుందేలు పక్కన ఒక్క తాటాకు టపాకాయ పేలిస్తే దాని గుండె ఆగిపోతుంది. పెట్టె మీద ఐతే దానికి దీపావళి.

మా ఊరి పక్కన సత్రపట్టిలో కట్టుగుడ్డ నేయించే ఒకాయన ఉండేవాడు, పేరు గురుసామి. ఆస్పత్రుల్లో దెబ్బలకు చుడతారే, ఆ పలచని తెల్లగుడ్డ. "పొట్లం మీద కుందేలు ఉండాల. పిల్లోళ్లు దాన్ని చూసి ఏడుపు నిలపాల," అన్నాడు. నేను ఒక చెవికి కట్టు కట్టించుకుని నవ్వుతున్న కుందేలును గీసుకుపోయాను. ఆయనకు తెగ నచ్చింది. పక్కన గడప మీద ఆయన తల్లి ఆకు వక్క దంచుకుంటూ కూర్చుని ఉంది. కాగితం లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకుంది.

"వీని చెవికి ఏమైంది?"

"దెబ్బ తగిలింది అవ్వా."

"ఎప్పుడు మానుతాది?"

"బొమ్మ గదా అవ్వా. అట్లే ఉంటాది."

"మన గుడ్డ కట్టినా పుండు మానదని మనమే అచ్చేసి ఊరంతా పంచేదా?" అంది ఆవిడ కొడుకు వైపు తిరిగి.

గురుసామి మొహం వాడిపోయింది. కట్టు తీసేశాను. ఇప్పుడది ఊరికే నిలబడ్డ కుందేలు. "ఇది యెందుకు ఉన్నట్టు?" అన్నాడాయన. ఆలోచించి, కుందేలు ఒక ఏనుగు తొండానికి కట్టు కడుతున్నట్టు మార్చాను. ముసలావిడ కాగితాన్ని మళ్లీ కళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఏనుగైతే గుడ్డ ఎక్కువ పడతాది," అంది. "ఇది ఉండనీ."

కాబట్టి పిల్లలూ, పని చెప్పేవాడు ఎవరో, ఒప్పుకునేవాళ్లు ఎవరో ఇంట్లో అడుగుపెట్టగానే కనిపెట్టండి. ఒప్పుకునేవాళ్లు ఎప్పుడూ కుర్చీలో ఉండరు. గడప మీద ఉంటారు. ముందు వాళ్లకు దండం పెట్టండి.

కుక్కకు చెవులు పెంచితే

మా ఊరి పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేది మా ఊరి కుక్క. ఒళ్లంతా పాలతెలుపు, ముక్కు గులాబిరంగు, ఛాతీ ముందుకు పొడుచుకుని వాకిట్లో కూర్చుందంటే తాసిల్దారైనా ఆగి పేరు చెప్పాల్సిందే. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. నేను పాకే వయసులో మొదట పట్టుకుని లేచి నిలబడింది దాని తోకను.

మరి కుందేలు? నిజం చెబుతున్నాను, ప్రాణంతో ఉన్న కుందేలును నేను చిన్నప్పుడు సరిగ్గా చూడలేదు. ఆ రోజుల్లో మా కంటపడే కుందేళ్లు రెండే రకాలు. ఒకటి కుక్క నోట్లో ఉండేది, రెండోది చట్టిలో ఉండేది. రెండింటి మొహంలోనూ భావం పెద్దగా ఉండదు.

అందుకని తెల్లటి ఒళ్లు, గులాబి ముక్కు ఉన్న జంతువు అనగానే నా చెయ్యి నన్ను అడగకుండా మా ఇంటి కుక్క దగ్గరికి పోయేది. ముక్కు దానిది, ఛాతీ దానిది, కూర్చునే తీరు దానిది. పళ్లు నావి. పైన రెండు పొడుగు చెవులు తగిలిస్తే కుందేలు. టపాకాయల పెట్టె మీద బొటనవేలంత బొమ్మలో ఎవరికి తెలుస్తుంది? బొమ్మ చిన్నగా ఉన్నంతకాలం గీసేవాడు గొప్పవాడే.

తర్వాత అచ్చాఫీసులోకి కంప్యూటరు వచ్చింది, చేత్తో గీసేవాళ్లం ఇళ్లకు వచ్చేశాం. మా ఊళ్లో అంగళ్ల బోర్డులు రాశాను. ఫ్లెక్సు వచ్చి అవీ పోయాయి. మిగిలింది చిన్నపిల్లల బళ్ల గోడలు. ఫ్లెక్సు కడితే పిల్లలు సాయంత్రానికి గోకి గోకి పీకేస్తారు. గోడను పీకలేరు. పిల్లల గోళ్ల పుణ్యమా అని నా బతుకు గడిచింది.

జానకి గేటు

మా పక్కింటి అమ్మాయి జానకి. నన్ను కొండయ్య మామా అంటుంది. వాళ్ల బళ్లో, వీళ్ల బళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు గరగరలాడేది. తనదంటూ ఒక బడి పెట్టాలని ఆమె కోరిక. ఆమె భర్త అన్న రామసామి పత్తి వ్యాపారం చేసే ముదలాళి, అంటే మా దిక్కున షావుకారు. ఆయనకు మంసాపురం దారిలో ఒక పాత పత్తి గోడౌను ఉంది. జానకి అడగ్గా అడగ్గా ఇచ్చాడు, కానీ మెలిక పెట్టి ఇచ్చాడు.

"విజయదశమి దినం గుప్పెడు పిల్లోళ్లన్నా లోపలికొచ్చి ఏడవకుండా బియ్యంలో అక్షరం రాసినారంటే గోడౌను నీది. లేదంటే మర్నాడు మూటలు దించేస్తా. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను బావా," అంది జానకి. ఎవరి మీద నమ్మకంతో? నా మీద.

గేటు పక్క గోడ మీద పెద్ద కుందేలు వేయమంది. పిల్లలు దూరాన్నుంచే చూసి పరుగెత్తి రావాలని. నిచ్చెన వేసుకుని, నా చెయ్యి ఎన్నాళ్లుగానో ఎరిగిన పద్ధతిలోనే, ఇద్దరు మనుషులంత ఎత్తున వేశాను. గేటు వైపు చూస్తూ, ఛాతీ పొడుచుకుని, ముందుకాళ్లు నిటారుగా పెట్టుకుని, పళ్లు కనబడేలా నవ్వుతూ.

ఎదురుగా టీ కొట్టు ముత్తు గ్లాసు కడుగుతూ అరిచాడు. "కుక్క బ్రమ్మాండం అన్నా! ఎవురింటిది?"

చెవులు ఇంకో మూరెడు పెంచాను.

"ఏం అన్నా, చెవులు నిక్కబొడుచుకుంది? దొంగ వచ్చినాడా?"

ఒక ముందుకాలు ఛాతీ దగ్గరికి ఎత్తించి, ఆ చేతిలో ఒక క్యారెట్టు పెట్టాను.

"ఎముకకు ఎర్రరంగు ఎందుకేసినావు?"

కథల పుస్తకాల్లో తెలివైన కుందేలును గీయమంటే మేం బద్ధకంతో ఏం చేసేవాళ్లమంటే, కళ్లజోడు పెట్టేసేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. ముత్తు టీ పోయడం ఆపి రోడ్డు దాటి వచ్చాడు.

"సరి సరి, ఇప్పుడు తెలిసింది. ఇది హెడ్‌మాస్టరు ఇంటి కుక్క."

మా ఆవిడ రాజమ్మ నాకు అన్నం క్యారియరు తెచ్చి, కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చూసింది. "ఇంకేమన్నా తగిలించాలంటే ఇంట్లో గొడుగు ఉంది. తెచ్చేదా?"

నేను ఎవరి మాటా పట్టించుకోలేదు. కుందేలంటే ఏమిటో నాకు చెప్పేంత మొనగాడు ఈ ఊళ్లో ఎవడున్నాడని నా ధీమా. ఈ ధీమా అనేది పనిలో మెల్లగా ఎక్కుతుంది, పిల్లలూ. ఎక్కేటప్పుడు నొప్పి తెలియదు.

వీరన్ తోక ఊపింది

విజయదశమికి ముందురోజు ఆయుధపూజ. మా దిక్కున పనివాళ్లకు అది పెద్దరోజు. మగ్గం, రెంచి, కత్తెర, టైలరు మిషను, అన్నింటికీ గంధం, కుంకుమ పెట్టి పూజలో ఉంచుతాం. మర్నాడు మళ్లీ హారతి ఇచ్చి తీసేదాకా వాటిని ముట్టకూడదు. నా కుంచెలన్నీ కడిగి, అరటాకు మీద పరిచి, బొరుగులు చల్లి రాజమ్మ దేవుడి గదిలో పెట్టేసింది.

గోడౌనులో జానకి సరస్వతీ పూజ చేసి, శనగ గుగ్గిళ్లు వండి, మర్నాడు చేర్చాల్సిన పిల్లల్నీ తల్లుల్నీ ముందుగానే పిలిచింది, చోటు అలవాటవుతుందని. రామసామి ముదలాళి గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకుని, పొగడ్తల కోసం మొహం సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

మొదట వచ్చింది దర్శిని. మూడేళ్ల పిల్ల, రెండు పిలకలు. వాళ్లమ్మ నూలు మిల్లులో పని చేస్తుంది. గేటు దగ్గరికి వచ్చి ఆ పిల్ల ఠక్కున ఆగిపోయింది. తల పైకెత్తింది. ఇంకా పైకెత్తింది. తల్లి చీర రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా, కుక్క."

"కుక్క గాదు కణ్ణూ, కుందేలు. చెవులు చూడు."

"కుక్కే. పల్లు చూపిస్తా ఉంది."

"నవ్వుతా ఉంది తల్లీ."

"కరుస్తాది!" అని ఆ పిల్ల పెట్టిన కేకకు వెనక వస్తున్న పిల్లలందరూ ఒక్కసారి గోడ వైపు చూశారు. మా ఊళ్లో పిల్లలకు పాలతో పాటు నేర్పే పాఠం ఒకటుంది. గేటు దగ్గర తెల్లగా, గులాబి ముక్కుతో, ఛాతీ పొడుచుకుని కూర్చుని ఉన్నదాని దగ్గరికి పోకూడదు. నేను అచ్చం అదే పాఠాన్ని ఇద్దరు మనుషులంత ఎత్తున గీసి పెట్టాను. ఒకడు ఏడ్చాడు, వాణ్ణి చూసి ఇంకొకడు, తర్వాత అందరూ. తల్లులు చంకన వేసుకుని వెనక్కి పోయారు. ఒక చిన్న చెప్పు గేటు ముందు ఒంటరిగా మిగిలింది.

ముదలాళి నోరు విప్పాడు. "జానకీ, పిల్లోళ్లకన్నా పత్తి మూటలు మేలుమ్మా. ఏడవవు."

అంతలో ఆయన కుక్క వీరన్, అసలైన మా ఊరి తెల్లకుక్క, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. గోడను చూసింది. దగ్గరికి పోయింది. వాసన చూసి, తోక ఊపడం మొదలుపెట్టింది.

"చూస్తివా కొండయ్యా," అన్నాడు ముదలాళి పొట్ట పట్టుకుని. "అన్నను గుర్తుపట్టినాడు!"

నేను నవ్వాను. నవ్వుతూ జానకి వైపు చూశాను. ఆమె గుగ్గిళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఇంకొకరి బళ్లో ఇంకొకరి గంట కొట్టి కొట్టి అలిసిపోయినాను మామా," అంది. "ఒకటి నేను కొట్టాలనుకున్నాను. అంతే."

"రేపటికి సరిచేస్తా పో," అన్నాను.

"దేంతో? నీ కుంచెలు పూజలో ఉండాయి గదా."

చిన్నదానికి చిన్న వేలు

ఇంటికి పరుగెత్తాను. దేవుడి గది గుమ్మంలో రాజమ్మ, ఆ గదికి తాళంకప్పలా.

"కుంచె ముట్టినావంటే చెయ్యి పడిపోతాది," అంది.

"ఒక్కటే రాజమ్మా. చిన్నది."

"చిన్నదానికి చిన్న వేలు పడిపోతాది."

"బడి పనే గదా? ఆ సరస్వతి తల్లి కోసమే గదా?"

"ఆయమ్మకు చదువూ తెలుసు, లీవూ తెలుసు. ఎనిమిదో క్లాసు దాటనోడివి, నువ్వు ఆయమ్మకు నేర్పొద్దు."

ఆవిడతో నేను గెలిచిన వాదం ఇంతవరకు లేదు. అయినా వదలకుండా అడిగాను. "ఉత్త చేత్తో వెయ్యొచ్చా?"

రాజమ్మ కొంచెంసేపు అమ్మవారి పటం చూసింది, కొంచెంసేపు నా చెయ్యి చూసింది. "నీ చేతికి నేను గంధం పెట్టలేదు," అంది. "అది నీ ఇష్టం."

గోడౌనుకు తిరిగొచ్చాను. ఏం చేయాలో తెలియక గేటు ముందు, ఆ ఒంటరి చెప్పు పక్కన, నేల మీద కూలబడ్డాను. తల ఎత్తాను. అప్పుడు చూశాను, దర్శిని ఎత్తులోంచి, మొట్టమొదటిసారి. అమ్మో! పైన కళ్లజోడు, చేతిలో క్యారెట్టు అక్కడెక్కడో ఆకాశంలో ఉన్నాయి. కింద కూర్చున్నవాడికి కనిపించేవి ముందుకాళ్లు, ఛాతీ, గులాబి ముక్కు, దాని కింద మీదకు దూకేలా రెండు పళ్లు. మిగతా కుక్కంతా ఓర్చుకోవచ్చు. ఆ పళ్లే ఘోరం. అవి నావి. వేలాయుధం ఎక్కడున్నాడో, తమలపాకు నములుతూ ఆఫీసు మొత్తాన్ని పిలిచి చూపిస్తున్నట్టే అనిపించింది.

తెల్లరంగు డబ్బా గోడౌనులోనే ఉంది. కుంచె లేదు. మూల చూస్తే పాత మూటల్లోంచి రాలిన పత్తి కుప్ప ఉంది. గుప్పెడు తీసి ఉండ చేసి, రంగులో ముంచి, నిచ్చెనెక్కాను. జానకి కింద నిచ్చెన పట్టుకుంది. ముందు కళ్లజోడు పోయింది. తర్వాత కళ్లు, ముక్కు. పళ్లు తుడిచేటప్పుడు కొంచెం మనసు చివుక్కుమంది, సొంతవి కదా. క్యారెట్టు, ముందుకాళ్లు, ఛాతీ మీద గీతలు, అన్నీ పోయాయి. పత్తి పోగులు తడిరంగుకు అంటుకుని గోడంతా బొచ్చు బొచ్చుగా తయారైంది. ఇక పైన కొత్త మొహం వేళ్లతో గీద్దామని నల్లరంగులో వేలు ముంచాను.

కింద నిచ్చెన గడగడ ఊగింది.

"మామా, నిలుపు! ముట్టొద్దు!"

"ఏమాయె?"

"దిగి వచ్చి చూడు. అది తిరుక్కున్నది."

దిగి వచ్చి చూశాను. నిజమే. మొహం లేని తల, రెండు చెవులు, గుండ్రటి తెల్లటి వీపు. గేటు వైపు చూస్తూ కూర్చున్న జంతువు కాస్తా, మనకు వీపు పెట్టి బళ్లోకి చూస్తూ కూర్చుంది. నా జీవితంలో మొదటిసారి అచ్చం కుందేలులా ఉన్నదాన్ని వేశాను. అదీ వేయడం వల్ల కాదు, చెరపడం వల్ల. గొప్ప చిత్రకారుడికి ఎక్కడ ఆపాలో తెలుస్తుందంటారు. నన్ను నిచ్చెన ఊపి ఆపారు.

అంతా అయిందన్న సంతోషంలో చేతిలో ఉన్న పత్తి ఉండను విసిరేశాను. అది పోయి గోడకు కింద, తడి ఉన్నచోట, పిల్లల చెయ్యి అందే ఎత్తున అంటుకుంది. గురిపెట్టి కొట్టింది ఏదీ నాకు ఏనాడూ తగల్లేదు. ఈ ఒక్కటి మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడ తగిలింది. తోక.

తెల్లారి

విజయదశమి పొద్దున ఇళ్లిళ్లూ తిరిగి తల్లుల్ని బతిమాలి తీసుకొచ్చింది జానకి. ముదలాళి కుర్చీ అక్కడే. పక్కనే లారీవాడు కూడా నిలబడి ఉన్నాడు, మూటలు ఎప్పుడు దించాలో అడగడానికి. మొదట వచ్చింది మళ్లీ దర్శిని. తల్లి చంకలో మొహం దాచుకుని ఉంది. గేటు దగ్గర ఒక్క కన్ను తెరిచింది.

"కుక్క ఏడ?"

"పోయింది," అంది జానకి.

"ఇది ఎవురు?"

"కుందేలు."

"మొహం ఏడ?"

జానకి పదేళ్లు ఊరికే పాఠాలు చెప్పలేదు. "మొహం ఆ పక్కకు ఉంది. లోపల ఏముందో అని చూస్తా ఉంది," అంది.

దర్శిని చంకలోంచి జారి దిగింది. గోడ దగ్గరికి వచ్చింది. తోక ముట్టుకుంది. అది నిజం పత్తి. మెత్తగా, ఎండిన రంగు కింద ఇంకా కొంచెం ఊగుతూ ఉంది. పిల్ల నావైపు చూసింది, జానకి వైపు చూసింది, మెల్లగా ఒక చిటికెడు పీకింది. ఎవరూ అరవలేదు. ఆ చిటికెడు పత్తి గుప్పిట్లో పెట్టుకుని, కుందేలు ఏం చూస్తోందో చూడడానికి గేటు దాటి లోపలికి నడిచిపోయింది. ఆ గుప్పిలి విప్పకుండానే, రెండో చేతి వేలితో బియ్యంలో మొదటి అక్షరం రాసింది.

వెనక పిల్లలందరికీ తోక కావాలి. తోసుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికి మా కుందేలు బోడిదైంది, బడి నిండింది. జానకి పూజ గంట తీసుకుని అవసరం లేకపోయినా ఎన్నోసార్లు కొట్టింది.

లారీవాడు ముదలాళిని అడిగాడు, "మూటలు దించేదా, వద్దా?"

ఆయన బోడి కుందేలు వైపు చూశాడు. "ఒక మూట దించు," అన్నాడు. "కొత్త తోకలకు కావాల. ఈ బళ్లో అందరికన్నా ముందు సీటు దొరికింది నా పత్తికే గదా!"

అప్పట్నుంచి ఆ బళ్లో ఒక పద్ధతి పడిపోయింది. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్ల గోడకు ఆ రోజు తోక అంటించాలి. ఆలస్యంగా వచ్చే పిల్లల గురించి వేరే బళ్లవాళ్లు తల పట్టుకుంటుంటే, జానకి గేటు తీసేలోపే బయట గుంపు. అన్ని బళ్లవాళ్లూ నన్ను పిలిచి అలాంటి కుందేలే వేయమన్నారు. వేశాను. అన్నీ వెనక నుంచే. నాకు పేరొచ్చింది. మొహం గీయడం రానివాడు మొహం గీయకపోవడం వల్ల పేరు తెచ్చుకున్నాడు. ఇంతకన్నా మంచి వృత్తి లోకంలో లేదు.

పనిలోకి వచ్చేవాళ్లకు

బొమ్మ ముందు కూర్చుని చూడండి. మోకాళ్లు నొప్పెడితే పెట్టనీ. కుక్కలు తోక ఊపుతున్నాయా చూడండి, అవి మొహమాటానికి పోవు. టీ కొట్టువాడు చెప్పింది వినండి. వాడికి ఉచితంగా చెప్పే ఓపిక ఉంది, మీకు వినే ఓపిక ఉండదు, అంతే తేడా. మనం వేసినదానికి కళ్లజోడు పెట్టాలనిపించిందంటే, అప్పటికే ఎక్కడో తప్పు చేశామని అర్థం. ఇక ఇంట్లో కుంచెలు పూజలో ఉన్నరోజు పెళ్లాంతో వాదించొద్దు. ఇది కళకు సంబంధించింది కాదు, ఆరోగ్యానికి సంబంధించింది.

నా మోకాళ్లు నిచ్చెన మీద మొండికేశాక పని మానేశాను. జానకి బడి వార్షికోత్సవంలో నన్ను వేదిక మీదికి పిలిచి ఒక శాలువా కప్పారు. (అదీ పిండిగిన్నె మీదికే పోయింది.) మైకు ఇచ్చారు. మైకు దొరికితే ఎనిమిదో తరగతి వాడు కూడా ప్రొఫెసరైపోతాడు. కళ అంటే చూపించడం కాదనీ, దాచడమనీ, మొహం దాచాను కాబట్టే పిల్లలు దాన్ని వెతుక్కుంటూ చదువులోకి నడిచారనీ, చాలా చెప్పాను. ముదలాళి నిద్రపోయాడు. ముందు వరుసలో దర్శిని చింతమిఠాయి చీకుతూ కూర్చుని ఉంది. ఇప్పుడు ఒకటో తరగతి. ఆ పిల్లచేత నా గొప్పతనం చెప్పిద్దామని ముందుకు వంగి, రెండు పళ్లూ బాగా కనబడేలా నవ్వాను.

"ఏం దర్శినీ, మన గోడ మీద కుందేలు అట్ల ఎందుకు తిరుక్కోని ఉంది? చెప్పు చూద్దాం."

ఆ పిల్ల చింతమిఠాయి నోట్లోంచి తీసి, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు నావైపు చూసింది.

"నువ్వు నిచ్చెనెక్కి నవ్వింటావు తాతా. నీ పల్లు చూసి కుక్క అనుకొనింది. భయపడి తిరుక్కున్నది."